సీలు మారిస్తే చాలా, వాల్వే మార్చాలా?

ప్రశ్న: మా జలవిద్యుత్ కేంద్రం పాతది. టర్బైన్ల ముందున్న మూడు మీటర్ల వ్యాసమున్న బటర్‌ఫ్లై వాల్వులు (గొట్టంలో గుండ్రటి డిస్కు తిరిగి నీటిని ఆపేవి) మూసినా నీళ్లు కారుతున్నాయి. సీలు మారిస్తే చాలని ఒకరు, వాల్వే మార్చాలని ఇంకొకరు. మీరేమంటారు?
– ఓ జూనియర్ ఇంజినీర్

జవాబు: ముందు ట్రనియన్ బుష్ చూడండి. డిస్కు ఇరుసు కూర్చునే ఆ బుష్ అరిగితే డిస్కు పక్కకు జరుగుతుంది. ఇక ఎంత కొత్త సీలు వేసినా ఓ వైపు నలుగుతుంది, రెండో వైపు సందు మిగులుతుంది. నేను మెయింటెనెన్సులో ఉండగా ఒకే వాల్వుకు రెండుసార్లు సీళ్లు మార్చాం. రెండుసార్లూ కథ మళ్లీ మొదటికే వచ్చింది. షట్‌డౌన్‌లో డిస్కును జాకీతో ఎత్తి, చిన్న కదలికనూ కొలిచే డయల్ గేజీ పెట్టండి. బుష్‌లో ఇరుసు వదులుగా కదలకపోతే సీలుతో సరిపెట్టుకోవచ్చు.

బాడీలో పగుళ్లున్నా, మూసేటప్పుడు డిస్కు మధ్యలో ఆగుతున్నా మార్చాల్సిందే. 100 మీటర్ల హెడ్డుంటే, అంటే నీళ్లు అంత ఎత్తు నుంచి నొక్కుతుంటే, మూసిన డిస్కు మీద దాదాపు 700 టన్నులు పడుతుంది. టర్బైన్‌లోకి నీటిని అదుపుచేసే గైడ్ వేన్లు ఇరుక్కుపోయిన రోజున, కరెంటు లేకపోయినా కౌంటర్‌వెయిట్ బరువుతోనే మూసుకోవాలి వాల్వు.

మార్చేటప్పుడు పాత డ్రాయింగును నమ్మకండి. మేం నమ్మాం. కొత్త వాల్వు క్రేనుకు వేలాడుతుండగా బయటపడింది, గొట్టం చివర బోల్టులతో బిగించే అంచు, అంటే ఫ్లాంజి, దాని బోల్టు రంధ్రాలు డ్రాయింగులో చూపిన చోట లేవని. ఎవరో ఎప్పుడో అక్కడికక్కడే సర్దేశారు, కాగితం మాత్రం దిద్దలేదు. రెండు వారాలు రంధ్రాలు సరిచేసుకుంటూ కూర్చున్నాం. ఫ్లాంజికీ ఫ్లాంజికీ మధ్య ఎడం నాలుగు చోట్లా కొలవండి. పాత కేంద్రాల్లో నాలుగూ ఒకటే రావడం అరుదు. క్రేనుకు లోడ్ టెస్టు కూడా అప్పుడే చేయించండి.

పెన్‌స్టాక్ (టర్బైన్‌కు నీళ్లు తెచ్చే పెద్ద గొట్టం) ఖాళీ చేసే ముందు, లోపలికి గాలి వచ్చే ఎయిర్ వెంటు దగ్గరికి మీరే వెళ్లి చూడండి. అది మూసుకుపోయి ఉంటే లోపల వాక్యూమ్ ఏర్పడి అంత పెద్ద ఉక్కు గొట్టమూ డబ్బాలా నలిగిపోతుంది. ఒకే పెన్‌స్టాక్ మీద రెండు మూడు యూనిట్లుంటే, పాత వాల్వు విప్పాక పైవైపు ఫ్లాంజికి పూర్తి ఒత్తిడి తట్టుకునే బ్లైండ్ (గట్టి మూత) బిగిస్తే మిగతావి నడుపుకోవచ్చు. నెలల తరబడి ఉత్పత్తి ఆగదు.

వాల్వు ఎంత త్వరగా మూసుకుంటే అంత గొప్పని సప్లయర్లు చెబుతారు. వినకండి. వేగంగా మూస్తే పారే నీళ్లు ఒక్కసారిగా ఆగి ఒత్తిడి ఎగదన్నే వాటర్ హ్యామర్ దెబ్బ మీ పాత పెన్‌స్టాక్ మీదే పడుతుంది. లెక్కగట్టిన సమయానికే సెట్ చేసి, తక్కువ లోడుతో మొదలుపెట్టి, చివరికి ఫుల్ లోడులో నీళ్లు పారుతుండగా మూసి చూడండి. ఆ టెస్టు జరిగేటప్పుడు వాల్వు గ్యాలరీలో ఒక్కరినీ ఉండనివ్వకండి.