షుగర్ మాత్రలతో పాటు ఆయుర్వేదం మందు వాడొచ్చా?

గుంటూరులో ఇంగ్లీషు డాక్టరు రాసిన గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడుతున్న నాన్నగారికి ఆయుర్వేదంలో వాడే పొడపత్రి చూర్ణం కూడా ఇవ్వొచ్చా అని అడిగారు. ఇంగ్లీషు డాక్టరుకూ, ఆయుర్వేద డాక్టరుకూ ఇద్దరికీ చెప్పాకే ఇవ్వండి.

పొడపత్రికి షుగర్ తగ్గించే గుణం కొంత ఉంది. చిక్కంతా అక్కడే. గ్లిమిపిరైడ్ కూడా తగ్గించేదే కాబట్టి రెండూ కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. పెద్దవయసులో ఇది ప్రమాదం. కలిపి వాడితే ఇంట్లో గ్లూకోమీటర్ ఉండాల్సిందే. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఈ రెండు వైద్యాలూ బద్ధశత్రువులేం కావు. షుగర్‌కు వాడే ఇంగ్లీషు మాత్ర మెట్‌ఫార్మిన్‌కు దారి చూపింది యూరప్‌లో వాడిన గలీగా అనే మొక్కే. విజయవాడలో 1986లో మొదలైన ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే ఎంబీబీఎస్, బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) కాలేజీలు రెండూ నడుస్తున్నాయి. తేడా మందును పరీక్షించి కొలవడంలో ఉంది: మాత్రలో మందు ఎంతో తెలుసు, చూర్ణంలో ఆ మోతాదు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.

నా భయమల్లా లేబుల్ లేని పొట్లాల గురించే. కొన్నిటిలో సీసం, పాదరసం బయటపడ్డాయి. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. బీఏఎంఎస్ చదివిన డాక్టరు దగ్గరకే వెళ్లండి, ఇప్పటి మందుల చీటీ, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.