బైబిల్ కాలేజీకి వెళ్ళాలా, పాస్టర్ గారి వెంట తిరిగి నేర్చుకోవాలా?

తమ్ముడూ, వందనాలు. ఇంటర్ అయిపోయింది, పరిచర్యలోకి రావాలని ఉంది, సంఘంలో కొందరేమో "అక్షరం చంపుతుంది, చదువెందుకు" అంటున్నారు, ఇంట్లో డిగ్రీ చెయ్యమంటున్నారు అని రాశావు. నాది ఒంగోలు. నా మాట, చదువుకో. కాకపోతే చదువయ్యాక పని నేర్చుకోవచ్చులే అనుకోకు. రెండూ ఈ వారం నుంచే మొదలవ్వాలి.

వేదాంత కళాశాల నుంచి బయటికొచ్చి కనిగిరి వైపు ఒక పల్లెకు వెళ్ళాను. పునరుత్థానం మీద నేను రాసిన పేపరుకు క్లాసులో మొదటి మార్కు. మూడో వారంలోనే ఒక ఇంట్లో పదేళ్ళ పిల్లవాడు జ్వరంతో పోయాడు. ఆ తల్లి ఎదురుగా కూర్చుని వాక్యం విప్పి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చూపు నా మీద లేదు. పొయ్యి మీద నీళ్ళు కాస్తున్న ఒక పెద్దామె, సంతకం కూడా రాని మనిషి, వచ్చి నా చెవిలో అంది: "అయ్యగారా, గొయ్యి తవ్వేదానికి ఇద్దరే ఉండారు. నేలంతా రాయి. మీరు పోయి గడ్డపార పట్టుకోండి." వెళ్ళాను. అరగంటకే అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం సమాధి దగ్గర రెండు మాటలు చెప్పి ప్రార్థన చేశాను, అంతే. తర్వాతి ఆదివారం ఆ తండ్రి మందిరానికి వచ్చి, మాట్లాడకుండా నా చేతులు రెండూ తిప్పి చూశాడు.

చదువు ఎందుకో కూడా ఆ ఊళ్ళోనే తెలిసింది. ఒక తాతకు నడుం వంగిపోయి మెడ తిరిగేది కాదు. వచ్చిపోయే బోధకుడొకాయన "నీ పాపం ఒప్పుకోలేదు, అందుకే స్వస్థత రాలేదు" అన్నాడట. పదేళ్ళుగా ఆ మాట మోస్తున్నాడు ఆ తాత. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదు అన్నాడు ప్రభువు. ఆ అధ్యాయం మొత్తం చదివి వినిపించాను. ఒక్క వచనం విరిచి మనిషి మీదికి విసరకూడదని నాకు నేర్పింది కాలేజీయే. ఇక ఆ ఊరి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్ళ ఫ్లోరైడ్ బాధ తెలిసిందే. సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయిస్తే, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు ఎప్పుడో దాటింది. తల్లులు పాపం ఆ నీళ్ళే కాచి పిల్లలకు పోస్తున్నారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాత నడుం వంగిందీ ఆ నీళ్ళవల్లేనని, పాపంవల్ల కాదని, అది మళ్ళీ నిలబడదని కూడా దాచకుండా చెప్పాను. పిల్లల కోసం సంఘమంతా కలిసి బయటి నుంచి మంచినీళ్ళు తెప్పించుకోవడం మొదలుపెట్టాం. తాత మాత్రం ఆ తర్వాత ప్రార్థనకు వచ్చి వెనక గోడ దగ్గర కాకుండా అందరితో కూర్చునేవాడు.

మన ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి వినే ఉంటావు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. అమెరికాలో కుర్రతనంలో సర్వే పని నేర్చుకున్నారు గనుకే అది చేతనైంది. తెలుగు బోధకులు పగలు కూలీల మీద మేస్త్రీలు, పొద్దుగూకితే వాక్యం. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు నాళ్ళలో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అంతమందిని చూసుకోవాలంటే బోధకులకు చదువుండాలని రామాపట్నం వేదపాఠశాలనూ నడిపించుకున్నారు ఆ తరంవాళ్ళు. నీతో అక్షరం చంపుతుందనేవాళ్ళకు ఇది చెప్పు. ఆ మాట రాసిన పౌలే యూదుల ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు దగ్గర చదువుకున్నవాడు, డేరాలు కుట్టి బతికినవాడు.

కాలేజీకి వేదాంత డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్ గుర్తింపు ఉందా, శని ఆదివారాలు విద్యార్థుల్ని పల్లెలకు పంపుతారా, ఈ రెండూ కనుక్కో. ముందు డిగ్రీ చేసినా నష్టం లేదు. పల్లె సంఘాల్లో జీతానికి నిలకడ ఉండదు, నేను ఏడేళ్ళు ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపాను.

మీ పాస్టర్ గారిని ప్రసంగానికి అవకాశం అడగొద్దు. ఆసుపత్రికీ, చావింటికీ వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళమను. అక్కడ నోరు తెరవకుండా, చెయ్యాల్సిన పని ఏది మిగిలిపోయిందో చూడు. రాత్రి ఇంటికొచ్చి, నీకు జవాబు తెలియని ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. కాలేజీలో చేరేరోజు అది నీ సంచిలో ఉండాలి.