పచ్చళ్లు అమ్ముడవుతున్నా డబ్బు ఎందుకు మిగలడం లేదు?

ప్రశ్న: ఇంటి పక్కనే ఒక గది అద్దెకు తీసుకుని ఆవకాయ, మాగాయ పెట్టి కిలో 450 రూపాయలకు అమ్ముతున్నాను. సరుకులకు, సీసాకు కలిపి కిలోకు 290 రూపాయలు అవుతోంది. నెలకు 120 కిలోలు పోతున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండడం లేదు. అద్దె 6,000, పనిమనిషి జీతం 9,000, కరెంటు, ఫోను, ప్రకటనలు కలిపి 4,000 రూపాయలు. అమ్మకాలు పెరగడానికి పది శాతం తగ్గింపు ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి ఇప్పుడే ఇవ్వకండి. కిలోకు మిగిలే 160 రూపాయలను మీరు లాభం అనుకుంటున్నారు గానీ, అమ్మకం ఉన్నా లేకపోయినా తప్పని అద్దె, జీతం, కరెంటు అన్నీ ఆ డబ్బులోంచే రావాలి. ఆ ఖర్చులు నెలకు 19,000 కాగా 120 కిలోల మీద మీకు వచ్చేది 19,200, అంటే అసలు మిగులు 200 రూపాయలే. పొద్దున లేచింది మొదలు మీరు పడే శ్రమకు ఇందులో ఒక్క రూపాయి కూడా కట్టలేదు. ఇంటి పట్టున వ్యాపారం చేసే ఆడవాళ్ల లెక్కల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

కాబట్టి ఖర్చులు పోగా మిగిలిందే లాభం అనుకోవడం మాని, మీకు నెలకు ఎంత కావాలో ముందే నిర్ణయించుకుని దాన్నీ ఖర్చుల్లో కలపండి. 15,000 కావాలనుకుంటే మొత్తం 34,000 అవుతుంది. కిలోకు 160 చొప్పున అది రావాలంటే దాదాపు 213 కిలోలు అమ్మాలి. పది శాతం తగ్గిస్తే కిలోకు మిగిలేది 115 రూపాయలకు పడిపోతుంది కనుక, అదే 34,000 కోసం 296 కిలోలు అమ్మాల్సి వస్తుంది. ఒక్క మనిషి సాయంతో, ఉన్న గదిలోనే అంత పచ్చడి పెట్టడం మీ వల్ల అవుతుందా? ధరను 500 చేస్తే 162 కిలోలు చాలు. ధర పెంచినందుకు కొందరు మానేసి అమ్మకం వంద కిలోలకు తగ్గినా నెలకు 2,000 మిగులుతాయి, ఇప్పటికంటే అదే నయం.

ఆ 290 రూపాయల లెక్క మీద కూడా నాకు అనుమానం ఉంది. ఆవకాయకు కాయ కొట్టి జీడి, లోపలి పొర తీసేశాక ముక్కల తూకం తగ్గుతుంది. మాగాయకైతే చెక్కు తీసి, ఊరబెట్టి, ఎండబెట్టేసరికి ఇంకా తగ్గుతుంది. మీరు కాయల ధరనే పట్టుకుని లెక్క కట్టి ఉంటే అసలు ఖర్చు అంతకంటే ఎక్కువే. ఈసారి పెట్టేటప్పుడు కొన్న కాయలు, కలిపిన కారం, ఆవపిండి, నూనె, చివరికి సీసాల్లోకి వచ్చిన పచ్చడి, అన్నీ తూచి రాయండి. రుచి చూడమని ఇచ్చినవి, దారిలో కారిపోయిన సీసాలు కూడా అందులోకే వస్తాయి.

ఇక మామిడికాయ వేసవిలోనే దొరుకుతుంది కాబట్టి ఏడాది సరుకు ఒక్కసారే కొనాలి, ఆ డబ్బు నెలల తరబడి జాడీల్లోనే ఉండిపోతుంది. నెలనెలా కొంత వేరే ఖాతాలో వేసుకుంటే ఆ సమయానికి అప్పు చేసే అవసరం తగ్గుతుంది. తప్పదనుకుంటే, ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండా బ్యాంకులు రుణం ఇస్తాయి. అయితే వాయిదా సొమ్మును నెల ఖర్చుల పక్కన రాసుకున్నాకే దరఖాస్తు పెట్టండి. నెలకు 1,600 వాయిదా కట్టాలంటే ఇప్పటి ధర మీద ప్రతి నెలా మరో పది కిలోలు అమ్మాలి.