బెల్టు సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. రెండో కాన్పు, ఇప్పుడు 30వ వారం నడుస్తోంది. నెల రోజులుగా పొత్తికడుపు కింద ఎముక దగ్గర, వెనక తుంటి పైన విపరీతంగా నొప్పి. మంచం మీద పక్కకు తిరగాలంటే ఏడుపొస్తోంది. మెట్లెక్కుతుంటే ముందు ఎముకలో టక్కుమని చప్పుడు కూడా వస్తోంది. మా వారి నడుము నొప్పికి రాసిన మాత్రలు ఇంట్లో ఉంటే, భరించలేని రోజు ఒకటి వేసుకుంటున్నాను, బాగానే తగ్గుతోంది. నాలుగు రోజులుగా మూత్రంలో కాస్త మంట, నీళ్లు సరిగా తాగకపోవడం వల్లనుకుంటాను. బెల్టు వాడితే ఫలితం ఉంటుందా, ఎలాంటిది కొనాలి? నార్మల్ డెలివరీ అవుతుందా, ఆపరేషన్ తప్పదా? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది బెల్టు గురించి. నన్ను ఆపేసింది మాత్రం మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాత్ర. దాని పేరు రాయలేదు, ఎన్ని వేసుకున్నారో రాయలేదు. నెలలో మూడా, ముప్పయ్యా? ఆ తేడా నాకు చాలా ముఖ్యం.

నడుము నొప్పికి మగవాళ్లకు రాసే మాత్రల్లో సాధారణంగా ఉండేవి డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. చాలాసార్లు వీటికి పారాసెటమాల్ కలుపుతారు, కండరాలు వదులు కావడానికి థయోకాల్చికోసైడ్ కూడా చేరుస్తారు. ఈ చివరి మందు గర్భిణులు అసలు వాడకూడనిది. మొదట చెప్పిన డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాలు దాటాక బిడ్డ కిడ్నీల పనిని తగ్గించగలవు. ఆ నెలల్లో ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ పోసే మూత్రమే కదా, కిడ్నీలు మందగిస్తే అదీ తగ్గుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దీనిపై ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఏడో నెల దాటాక ఇంకో చిక్కుంది. బిడ్డ గుండె దగ్గర పుట్టేవరకూ తెరిచి ఉండాల్సిన చిన్న రక్తనాళం ఒకటి ఈ మందుల వల్ల ముందే ముడుచుకుపోవచ్చు. మీరున్నది సరిగ్గా ఆ నెలల్లోనే.

భయపెట్టాలని కాదు. అప్పుడప్పుడు ఒకటి వేసుకున్నంత మాత్రాన ఏదో అయిపోయిందని అనుకోకండి. మందు ఆపేస్తే తగ్గిన ఉమ్మనీరు చాలామందిలో మళ్లీ మామూలుకొస్తుంది. కానీ ఇంట్లో కూర్చుని అది తేలదు. ఈ రోజే మాత్ర ఆపి, మీ గైనకాలజిస్ట్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని దాచొద్దు. తిట్టినా ఫర్వాలేదు, స్కాన్‌లో నీరు ఎంతుందో చూస్తారు. వెళ్లేటప్పుడు స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. నా దగ్గరికి తెచ్చే స్ట్రిప్‌లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చిన ముక్క, పేరున్న వైపు ఎవరో ముందే వాడేసి ఉంటారు. మిగిలిన వెండి రేకు మీద మూడు అక్షరాలు, సగం తేదీ. దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి ఏ మందో ఊహించడం నా పనుల్లో ఒకటైపోయింది. మీకు డబ్బా దొరికితే డబ్బాయే తెండి.

‘మాత్ర మానేసి పైన రాసుకునే జెల్ వాడతాను’ అంటారేమో. అందులోనూ అదే డైక్లోఫెనాక్ ఉంటుంది, చర్మంలోంచి కొంత లోపలికి వెళ్తుంది. అడగకుండా అదీ వద్దు. ఇంకో మాట. బీపీ పెరిగే అవకాశముందని మీ డాక్టర్ చిన్న మోతాదు ఆస్పిరిన్ రాసి ఉంటే అది వేరే లెక్క, నా జవాబు చదివి దాన్ని ఆపేయకండి.

ఇక మూత్రంలో మంట. నీళ్లు తక్కువ తాగడం వల్లేనని మీకు మీరే తీర్పు ఇచ్చేసుకున్నారు. నాలుగు రోజుల మంటను గర్భంతో ఉన్నప్పుడు నేను ఇన్ఫెక్షన్ అనే అనుమానిస్తాను, కాదని పరీక్ష చెప్పాలి. ఈ నెలల్లో మూత్ర నాళాలు వదులై ఉంటాయి కాబట్టి ఇన్ఫెక్షన్ పైకి, కిడ్నీల దాకా పాకడం తేలిక. అలా పాకితే చలిజ్వరం, నడుము పక్కన నొప్పి మొదలవుతాయి, నెలలు నిండకుండానే నొప్పులూ రావచ్చు. పైగా పొత్తికడుపు నొప్పిలో కొంత భాగం దీనిదే కావచ్చు కూడా. యూరిన్ టెస్ట్, కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) చేయించండి. నీళ్లు తాగండి, మంచిదే, కానీ అది వైద్యం కాదు. పాత యాంటీబయాటిక్ ఏదైనా ఇంట్లో ఉంటే దాని జోలికి వెళ్లకండి. మీ ఇంట్లో మందుల డబ్బా బాగా నిండుగా ఉన్నట్టుంది, అందుకే చెప్తున్నాను.

ఇప్పుడు అసలు నొప్పి. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరు పెల్విక్ గర్డిల్ పెయిన్‌కు, అంటే కటి ఎముకల కీళ్ల నొప్పికి, బాగా సరిపోతోంది. ప్రతి అయిదుగురు గర్భిణుల్లో సుమారు ఒకరికి ఎంతో కొంత ఉంటుంది. కటి ఎముకలు ముందు ఒక చోట, వెనక రెండు చోట్ల అతుక్కుని ఉంటాయి. ముందు కీలులో మామూలుగా ఉండే 4, 5 మిల్లీమీటర్ల సందు గర్భంతో ఇంకో 2, 3 మిల్లీమీటర్లు పెరగడం సహజం. ఈ మూడు కీళ్లూ ఒకే తీరుగా కదలకపోతే, ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కదిలితే, నొప్పి వస్తుంది. మీరు విన్న టక్కుమనే చప్పుడూ అక్కడిదే అయ్యుంటుంది. మొదటి కాన్పులో ఈ నొప్పి ఉన్నవాళ్లకు రెండోసారి వచ్చే అవకాశం ఎక్కువ. మీకప్పుడు ఉందో లేదో రాయలేదు. దీనివల్ల బిడ్డకు హాని లేదు.

ఈ నొప్పికి ఒక గుర్తుంది. అది మీ కదలికతో పాటు నడుస్తుంది. ఒంటికాలి మీద నిలబడితే, కాళ్లు ఎడంగా పెడితే, మెట్లెక్కితే, పక్కకు తిరిగితే పెరుగుతుంది, కాసేపు కుదురుగా ఉంటే తగ్గుతుంది. అలా కాకుండా, మీరు పడుకుని ఉన్నా పొట్ట గట్టిపడుతూ వదులవుతూ, ఒక వరసలో నొప్పి వస్తూ పోతూ ఉంటే అవి కాన్పు నొప్పులు కావచ్చు. 37 వారాల లోపు అది ఎమర్జెన్సీ, అర్ధరాత్రయినా వెళ్లాల్సిందే. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, పొట్ట రాయిలా బిగిసి నొప్పి వదలకపోయినా, బిడ్డ కదలికలు తగ్గినా, జ్వరం వచ్చినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పుట్టినా, కాళ్ల మధ్య తిమ్మిరెక్కి మూత్రం రాకపోయినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. ‘తుంటి నొప్పేలే, డాక్టర్ గారు పేపర్లో ఫర్వాలేదన్నారు’ అని ఆగిపోయేవాళ్లుంటారు. నేనలా అనలేదు.

మంచం మీద తిరగడం మీకు పెద్ద బాధగా ఉందన్నారు కదా. చాలామంది ఒక కాలు ముందు అటు విసిరి, తర్వాత ఒళ్లు లాగుతారు. నొప్పి పుట్టేది సరిగ్గా అక్కడే. రెండు మోకాళ్లూ మడిచి, మధ్యలో చిన్న దిండు పెట్టి, దాన్ని పట్టుకున్నట్టు మోకాళ్లు దగ్గరగా బిగించండి. భుజాలు, నడుము, మోకాళ్లు మూడూ ఒకేసారి, దుంగ దొర్లినట్టు దొర్లాలి. లేచేటప్పుడూ అంతే, పక్కకు తిరిగి రెండు కాళ్లూ కలిపి కిందికి దించి, చేతులతో ఒళ్లు పైకి నెట్టుకోండి. కారెక్కేటప్పుడు ముందు సీట్లో కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి. బట్టలు కూర్చునే వేసుకోండి. మెట్లు ఒక్కొక్కటిగా, ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు. బాసిపట్లు, గొంతుక్కూర్చోవడం, పెద్ద పిల్లాణ్నో పిల్లనో చంకన వేసుకోవడం కొన్నాళ్లు ఆపండి. అలాగని పూర్తిగా మంచం పట్టొద్దు. గర్భంతో రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ పెరుగుతుంది, కదలకపోతే కాళ్లలో గడ్డలకు దారి ఇచ్చినట్టే. కాస్త పని, కాస్త విశ్రాంతి.

నొప్పికి మందు కావాలంటే పారాసెటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర, మీ డాక్టర్ చెప్పిన మోతాదులో, తక్కువ రోజులు. స్ట్రిప్ వెనక రెండో మందు పేరు కనిపిస్తే అది మీది కాదు.

బెల్టు కొందరికి నడిచేటప్పుడు బాగా ఉపశమనమిస్తుంది, కొందరికి ఏమీ ఉండదు. పొట్టను పైకి ఎత్తే బెల్టు వేరు, తుంటి ఎముకల చుట్టూ కిందుగా బిగించేది వేరు, మీకు పనికొచ్చేది రెండోది. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనే బదులు ఫిజియోథెరపిస్ట్ దగ్గర కొలత చూపించుకుని వేసుకోండి, పడుకున్నప్పుడు తీసేయండి. నిజం చెప్పాలంటే బెల్టు కంటే ఫిజియో నేర్పే పిరుదుల, కటి కండరాల వ్యాయామాల మీదే నాకు నమ్మకం ఎక్కువ. పురుడయ్యాక చూద్దామని వాయిదా వేస్తే నడక ఇంకా కుంటుపడుతుంది. ఇప్పుడే వెళ్లండి.

నార్మల్ డెలివరీ అవుతుందా అంటే, ఈ నొప్పి ఒక్కటే ఉంటే చాలామందికి అవుతుంది. కేవలం ఈ నొప్పి ఉందని ఆపరేషన్ చేయాల్సిన పనిలేదు. మొదటి కాన్పు ఎలా అయిందో, ఇప్పుడు బిడ్డ ఎలా ఉందో చూసి మీ డాక్టరే చెప్పాలి. ముందే ఒక పని చేసి పెట్టుకోండి. వెల్లకిలా పడుకుని, నొప్పి రాకుండా మోకాళ్లు ఎంత ఎడంగా వెళ్తాయో టేపుతో కొలిచి మీ ఫైల్లో రాయించండి. ఎపిడ్యూరల్ (కాన్పు నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు) ఇస్తే మీకు నొప్పి తెలియదు, ఆ సమయంలో కాళ్లు మరీ ఎడంగా లాగకుండా సిబ్బందికి ఆ కొలత పనికొస్తుంది. పక్కకు తిరిగి పడుకుని కాన్పు కావచ్చేమో కూడా అడగండి. కాన్పయ్యాక చాలామందికి కొన్ని వారాల్లో నొప్పి తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ ఫిజియో దగ్గరికి వెళ్లండి, ఇంట్లో డబ్బా దగ్గరికి కాదు. పాలిస్తున్నప్పుడు కూడా మాత్ర అడిగే వేసుకోవాలి.

మిమ్మల్ని చూడకుండా, మీరు రాసిన నాలుగు ముక్కలు చదివి ఇచ్చిన జవాబిది, మీ డాక్టర్ చేసే పరీక్షకు బదులు కాదు. తర్వాతి చెకప్ తేదీ ఎప్పుడున్నా ఆగకండి. రేపు వెళ్లి యూరిన్ ఇచ్చి, స్కాన్ గురించి అడిగి, ఆ స్ట్రిప్ చూపించి రండి.

- గైనకాలజిస్ట్