గొంతు చూపించుకునే చోటెక్కడ?

ప్రశ్న: అమ్మా, ఫ్రాన్సులో తులూజ్‌లో చదువుకుంటూ సాయంత్రాలు పాట నేర్చుకుంటున్నాను. నాది బారిటోన్, అంటే మగవాళ్ల మధ్యస్థాయి గొంతని మా టీచరు తేల్చారు. ఏడాది చివరి కచేరీలో ఫ్రెంచి స్వరకర్త రావెల్ ‘డాన్ కిహోటే’ పాటలు పాడాలని నా కోరిక. ఆవిడేమో మరో ఫ్రెంచి స్వరకర్త ఫోరే ‘లోరిజోఁ షిమెరిక్’ పాటలు చేతిలో పెట్టారు. నాలుగు పాటలూ కలిపి పది నిమిషాలైనా లేవు, గొంతు చూపించుకునే చోటే కనబడలేదు. ఇవి నిజంగా బారిటోన్ పాటలేనా?

— ఒక పాఠకుడు

జవాబు: అచ్చంగా బారిటోన్ కోసమే పుట్టిన పాటలు బాబూ అవి. 1921లో, 76 ఏళ్ల వయసులో, వినికిడి బాగా దెబ్బతిన్న రోజుల్లో ఫోరే వాటిని రాసి షార్ల్ పాంజెరా అనే కుర్ర గాయకుడికి అంకితమిచ్చాడు. మరుసటి ఏడు పారిస్‌లో మొదట పాడిందీ అతనే. కవి జాఁ ద లా వీల్ ద మీర్‌మోఁది బోర్డో, ఓడరేవు పట్నం. 1914 యుద్ధంలో 27 ఏళ్లకే పోయాడు. వెళ్లిపోయే ఓడలను ఒడ్డున నిలబడి చూస్తూ, తీరని పెద్ద ప్రయాణాలు నాలో ఉన్నాయంటాడు నాలుగో పాట చివర. పారిస్‌లో ఏళ్ల తరబడి గాయకుల పక్కన పియానో వాయించాను. ఆ మాట దగ్గరికొచ్చేసరికి నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మీ టీచరు ఇవి ఎందుకిచ్చారో మొదటి పాట మొదటి పంక్తిలోనే తెలుస్తుంది. సముద్రం అనంతం, నా కలలు పిచ్చివి అని అర్థం. దాని రెండో సగం ఫ్రెంచిలో ‘మే రెవ సోఁ ఫూ’. కల అనే ఆ మాటను బజారులో ‘రెవ్’ అంటారు. పాటలో మాత్రం చివరి అచ్చుకీ ఒక స్వరం ఉంటుంది. మాట చివర అచ్చు పలకడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే గనుక అది సులువే. కానీ బస్సు, కారు అన్నట్టు ‘రెవు’ అనకు. పెదవులు కాస్త గుండ్రంగా చేసి, నొక్కకుండా, తేలిగ్గా వదిలెయ్. ‘సోఁ’లో ఉన్నది అరసున్న, నిండుసున్న కాదు. నాలుక పైకి తగిలిందంటే ‘సోన్’ అయిపోతుంది. ఈ ఒక్క పంక్తినీ వారం రోజులు రాగం లేకుండా పైకి చదువు. అప్పుడు పాడు.

మూడోది వెన్నెల పాట. వెన్నెల కదా అని ఒకసారి నేను పియానో మీద సాగదీశాను. పాపం ఆ గాయకుడికి వాక్యం మధ్యలోనే ఊపిరి అయిపోయింది. తప్పు పూర్తిగా నాదే. ఫోరే పాటల్లో నడక ఆగకూడదు, ఒక లెక్కన సాగిపోవాలి.

రావెల్ పాటలూ గొప్పవే, కాదనను. ఆయన పూర్తిచేసిన చివరి రచన అదే. అసలు ఆ పాటలు డాన్ కిహోటే కథతో తీసిన ఒక సినిమాలో షల్యాపిన్ అనే బాస్ (మగవాళ్ల కింది స్థాయి గొంతు) గాయకుడు పాడాల్సినవి. రావెల్ సకాలంలో ఇవ్వలేకపోయాడు. సినిమాకి ఇబేర్ అనే మరో స్వరకర్త రాసిన పాటలు తీసుకున్నారు. రావెల్ పాటల్ని 1934లో మొదట పాడింది బారిటోన్ మార్షియల్ సాంగేర్. మూడోది తాగుబోతు పాట. దాన్ని ఇప్పుడే ముట్టుకుంటే అరుపులోకి దిగుతావేమోనని నా భయం. వచ్చే ఏడాది రెండోదానితో మొదలుపెట్టు. అది ప్రార్థన, అయిదు లెక్కల నడక. ఖండచాపు ఎరిగినవాడివైతే తాళం దగ్గర బెదరవు.