‘అవసరమా?’ అని అడగకండి

ప్రశ్న: మా కాలనీ గ్రంథాలయంలో నెలకొకసారి పదిహేను, ఇరవై మందిమి చేరి ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటాం. పోయిన నెల ‘మరణానంతర కర్మకాండలు అవసరమా?’ అన్న అంశం పెట్టాం. దేహదానానికి సంతకం చేసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏటా తప్పకుండా తద్దినం పెట్టే మరో పెద్దాయన మాటా మాటా అనుకుని ఇప్పుడు ఎదురుపడినా పలకరించుకోవడం లేదు. ఇలాంటి విషయాలు ఇక ఎత్తకుండా ఉండటమే మేలా? వారిద్దరినీ కొన్నాళ్లు రావద్దని చెప్పమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విషయాన్ని మానుకోనక్కరలేదు, అడిగే తీరు మార్చుకోండి. ‘అవసరమా?’ అనగానే వచ్చినవారు రెండు పక్షాలుగా చీలిపోతారు. తద్దినం పెట్టే మనిషికి అది తండ్రిని తలచుకునే రోజు కనుక, ఆ ప్రశ్న తన పితృభక్తినే శంకించినట్లు తోస్తుంది. దేహదానానికి సంతకం చేసినాయన బాధ మరొక రకం: ఆ కాగితం ఉన్నా చివరికి దేహాన్ని అప్పగించవలసింది ఇంట్లోవాళ్లే కాబట్టి, ఆయన బహుశా ఇదే వాదన ఇంట్లోనూ పడుతూ ఉండవచ్చు. ‘మీ పెద్దలు పోయినప్పుడు మీ ఇంట్లో ఏం చేశారు, అందులో ఏది మీకు ఊరటనిచ్చింది, ఏది భారమనిపించింది?’ అని అడిగి చూడండి. ఎవరి అనుభవం వారు చెప్పుకుంటారు.

మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా చెబుతాయి. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనదంటూ ఏ పక్షమూ నిలపకుండా ఎదుటివారి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. మన శాస్త్రకారులు తమ సిద్ధాంతం చెప్పే ముందు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదనను, వివరించేవారు. మీ సభలోనూ జవాబివ్వదలచినవారు ముందుగా అవతలివారి మాటను తమ నోట చెప్పి, ‘అవును, నేనన్నది ఇదే’ అని వారిచేత అనిపించుకున్నాకే తమ మాట మొదలుపెట్టాలని నియమం పెట్టండి. మొదట్లో కాస్త నాటకీయంగా అనిపిస్తుంది గానీ, ఆవేశంలో ఉన్న మనిషి చేత వినిపించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనబడలేదు.

అభిప్రాయాలు కలవకపోతే చర్చ వృథా అనుకోకండి. నాస్తికుడైన గోరా 1940లలో సేవాగ్రామంలో గాంధీజీతో దేవుడి గురించి సుదీర్ఘంగా మాట్లాడారు. ఇద్దరిలో ఎవరూ తమ నమ్మకాన్ని వదులుకోలేదు. అయినా గోరా కుమార్తెకు దళిత యువకుడితో తలపెట్టిన పెళ్లిని ఆశ్రమంలో జరిపించడానికి, ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చేర్చడానికి గాంధీజీ అంగీకరించారు. ఆయన హత్యానంతరం 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది.

సభ నడిపేవారు తమ నమ్మకమేదో ముందే చెప్పేసి, ఆపైన నోరు కట్టుకోవాలి. ‘మీవాళ్లంతా ఇంతే’ అన్న మాట వినబడగానే, అన్నది ఎంత పెద్దవారైనా సరే, అక్కడే ఆపాలి. చేతులెత్తించి లెక్క తీయవద్దు. మౌనంగా ఉన్నవారిని, ముఖ్యంగా అత్తగారి ఎదుట కూర్చున్న కోడలిని, ‘నువ్వేమంటావమ్మా?’ అని ఇరుకున పెట్టవద్దు.

ఆ ఇద్దరిని రావద్దనడం సరికాదు. సభలో క్షమాపణ చెప్పించే ప్రయత్నమూ చేయవద్దు, వయసు మీరినవారికి అది మరింత అవమానం. వచ్చే సమావేశానికి ముందే ఎవరింటికి వారిని కలిసి, ఈసారి అడగబోయే ప్రశ్న చూపించి, అందులో తమకు నొప్పి కలిగించే మాట ఏదైనా ఉందేమో చెప్పమనండి. వారు దిద్దిన ప్రశ్ననే సభలో పెట్టండి.