మొదటి హర్డిల్‌కి ఎనిమిది అడుగులు

చిరంజీవి శ్రావణికి,

వంద మీటర్ల పరుగు నుంచి హర్డిల్స్‌కి మారతానన్నావట, మీ నాన్న చెప్పాడు. మంచిదే బిడ్డా, నీకు వేగం ఉంది. ఇక లయ పట్టుకోవాలి.

ముందు ఆడపిల్లల వంద మీటర్ల హర్డిల్స్ కొలతలు నోటికి రావాలి. బయల్దేరే గీత నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, ఆ తర్వాత ఒక్కోదానికి 8.5, పదోది దాటాక ముగింపు గీతకి 10.5. పెద్దవాళ్లకి ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మీ అండర్-18కి 76.2.

మొదటి హర్డిల్ ఎనిమిది అడుగుల్లో అందాలంటే, దాని మీద ముందుగా లేచే కాలు బ్లాకుల్లో, అంటే బయల్దేరేటప్పుడు పాదాలు ఆనించే దిమ్మల్లో, వెనక ఉండాలి. పాత అలవాటు కొద్దీ తిరగేసి పెట్టావా, హర్డిల్ ముందు తప్పు కాలు పడుతుంది. ఇంకో బుల్లి అడుగేసి, తటపటాయించి దూకుతావు. పందెం అక్కడే పోతుంది.

మధ్యలో మూడడుగులే. 8.5 అందట్లేదని కాళ్లు సాగదీయకు, హర్డిల్స్‌నే 7.5కి దగ్గరగా జరుపు. మూడింటితో మొదలుపెట్టి, లయ కుదిరితే వారానికో జానెడు దూరం పెంచు. మన దగ్గర అందరూ తొందరపడేది ఇక్కడే.

హర్డిల్‌కి రెండు మీటర్ల ముందు సుద్దగీత గీసి అక్కడ లేవు. అవతల మీటరు దూరంలో దిగాలి. మరీ దగ్గరికెళ్లి లేస్తే పైకి ఎగరక తప్పదు, గాలిలో ఉన్నంతసేపూ వేగం తగ్గుతూనే ఉంటుంది. ముందు కాలు మోకాలితో లేపు, పాదం విసరకు. వెనక కాలి మోకాలు చంక దాకా లాగు, వేళ్లు వేలాడితే బార్‌కి తగులుతాయి.

ఇంకొకటి. హర్డిల్ పాదాలు నువ్వు వచ్చే వైపే ఉండాలి, అప్పుడే తగిలితే ముందుకి పడిపోతుంది. తిరగేసి పెడితే అది పడదు, నువ్వు పడతావు. ఎత్తు మార్చినప్పుడల్లా కింది బరువులు కూడా జరపాలి. గ్రౌండ్‌లో ఆ పని ఎవరూ చేయరు, నువ్వే చూసుకో.

టైమింగ్ పిచ్చి ఇప్పుడే వద్దు. మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఈ పందెం 13.09 సెకన్లకి పరిగెత్తితే, వెనక గాలి సెకనుకి 2.1 మీటర్లని జాతీయ రికార్డు ఇవ్వలేదు. హద్దు 2.0. మరుసటి నెలే సైప్రస్‌లో 13.23తో అనురాధా బిస్వాల్ 2002 నాటి 13.38 రికార్డుని దాటేసింది. 2023లో చెంగ్డూలో 12.78కి వచ్చింది.

జలుబు మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోకు. కొన్నిటిలో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, పోటీల్లో అది నిషిద్ధం. తెలియక వేసుకున్నానంటే వినరు.

రాణిగంజ్‌లో 30 మీటర్ల టేపు కొనిపించుకో. అడుగులతో కొలిచి పెట్టే హర్డిల్స్ నాకు నచ్చవు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న
హైదరాబాద్